దేవుడేసిన ముడి

లక్సెట్టిపేట సాలోల్ల వాడల శంకరవ్వ అబద్ధమాడదు. ఉన్న నిజానికి జర గంజి పెడుతది, అంతే. గంజి పెట్టని నూలు మగ్గం మీద నిలువదు, గంజి పెట్టని మాట చెవుల నిలువదు అంటది. ఆమె పెట్టిన గంజికి ఒక్కోసారి మాట దానంతట అదే లేచి నిలబడి వాడంత తిరిగొస్తది.

ఆ వాడల ఏ మగ్గానికైనా అచ్చు అతుకుడు ఆమె అరుగు మీదనే. ఒక పడుగు నేసుడైపోతే దాని కొసలను దువ్వెనసొంటి అచ్చులనే విడిచిపెట్టి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగ వాటికి అతుకాలె. ముడి వెయ్యరు. ముడి పడితే అచ్చుల ఇరుక్కొని పోగు తెగుతది. వేళ్లకు బూడిద అద్దుకొని రెండు కొసలు కలిపి మెలిపెట్టాలె. శంకరవ్వ వేళ్లు ఇంకా పదహారేండ్ల పిల్ల వేళ్లే గని, కండ్లకు పొర కమ్మింది. అందుకే మిషన్ గుడికి పోయే రిబ్కమ్మ ఆమె ఎదురుంగ కూచుంటది. ఏ పోగుకు ఏ పోగో ఏర్పరిచి, కొస పీచు లేస్తే పండ్లతోని కొరికి, శంకరవ్వ వేళ్లకు అందిస్తది. అరవై దాటినా రిబ్కమ్మకు ఒక్క పన్ను కదలలే. అబద్ధమాడితే అవన్నీ ఒక్కపారే రాలిపోతయేమో అన్నట్టు, ఆమె నోట పుట్టినకాడి నుంచి అబద్ధం రాలే. అతికేటప్పుడు ఇద్దరిదీ ఒక్కటే కట్టు. రాజు వచ్చి నిలబడ్డా పోగు మీదినుంచి కండ్లు లేపద్దు.

ఆ పొద్దు మాత్రం అతుకుడు షురూనే కాలే.

ముందటి రోజు చాయ్ హోటల్ల, శనివారం భజన చేయించే అంతయ్యకు, రిబ్కమ్మ మరిది ఏలియాకు దేవుని మీద మాట పెరిగింది. మా దేవుడు తనంతట తనే పుట్టిండు, ఎవలూ కనలే అన్నడు అంతయ్య. మా దేవుడైతే పుట్టనే లేదు, ఎప్పటినుంచో ఉన్నోడే అన్నడు ఏలియా. రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి కదా అన్న పాపానికి చాయ్ పోసేటాయన ఇద్దరితోని తిట్లు తిన్నడు. ఎవల దేవునికి ఎంత బలమో తేలలేదు గని, రెండు గ్లాసులు పగిలినయి.

తెల్లారి అంతయ్య తన అచ్చు, కొత్త పడుగు తెచ్చి శంకరవ్వ అరుగు మీద పరిచి, రిబ్కమ్మ చెయ్యి దీనికి తాకద్దన్నడు. రిబ్కమ్మ అరుగు దిగి, కింది మెట్టు మీద కూచొని, చేతులు ఒడిల పెట్టుకున్నది. ఇయ్యాల ఒక్క మగ్గం వద్దంటే రేపు వాడంత వద్దంటది. అప్పుడు ఒంగితే లేవని నడుముతోని ఆమె మల్ల పత్తి ఏరవోవాలె. అది శంకరవ్వకు తెలుసు, పక్కింటి చంద్రవ్వకు తెలుసు. అంతయ్యకు గూడ తెలుసు, అందుకే ఆయన మెట్టు దిక్కు చూస్తలేడు.

శంకరవ్వ బూడిద చిప్ప తన ముందటికి గుంజుకున్నది.

"కూచో బిడ్డా. గీ దేవుని పంచాది నేను ఎన్నడో గోదారి ఒడ్డుకు తెంపిన. నీకు చెప్పలేనా?"

చెప్పలే అన్నడు అంతయ్య. పోదామనుకున్నోడు కూచున్నడు.

పోలీసు యాక్షన్ అయిన ఏడు, చలికాలం. శంకరవ్వ నూలు ఉతుకుదామని గోదారికి పోతే, ఇసుకల ఒక సాధువు, ఒక పాదిరి ఎదురెదురు కూచొని ఇదే తగువు పెట్టుకున్నరట. ఆమె చేసింది పెద్ద పనేం కాదు. పోంగ పోంగ ఒక్క మాట అడిగింది. దేవుడు అన్నీ చెయ్యగలడంటిరి కదా, మరి దేవుడే విప్పలేని ముడి దేవుడు వెయ్యగలడా అని. వేస్తే విప్పరాదాయె, వెయ్యకుంటే వెయ్యరాదాయె. గంత అడిగి, నూలు పిండుకొని ఇంటికొచ్చింది.

"గంతేనా?" అన్నది చంద్రవ్వ. శంకరవ్వ కోత ఇంత చిన్నగుంటే ఆమెకు తిన్నట్టు ఉండదు.

"గంతే అనుకున్న నేను గూడ. ఆ తర్వాత ఏమైందో తెలుసానే?"

ఆ ఇద్దరు జవాబు దొరికేదాక లేవమని ఆడనే కూచున్నరట. ఎండ వచ్చె, వాన వచ్చె, లేవలే. పాదిరి గడ్డం పెరిగి పెరిగి సాధువు గడ్డంతోని కలిసి జడ పడ్డది. తగువు వినుకుంట గోదారి నడక మరిచి నిలబడితే, కింది ఊర్లోల్లు నది ఏడవోయిందని కుండలు పట్టుకొని మీదికి నడుచుకుంట వచ్చిండ్రు. జైనూర్ గుట్టల మీది పులులు దిగివచ్చి, తోకలు మడుచుకొని మేకల పక్కన కూచున్నయి, ఆకలి యాదికే లేదు. తీర్పు చెప్పుడు మనుషులతోని కాదని, నిర్మల్ల కొయ్య పెద్దమనుషులను చేయించి, రుమాళ్లకు రంగులేయించి, బండ్ల మీద తెచ్చిండ్రు. ఒక పూట విన్నంక ఆ కొయ్యబొమ్మలకు గూడ తలకాయ నొచ్చి, లేచి మల్ల నిర్మల్ బాట పట్టినయి.

"నడుచుకుంటనే పోయినయా?" అన్నడు అంతయ్య.

"మరి కొయ్యబొమ్మ చెయ్యెత్తితే బస్సు ఆపుతడా బిడ్డా."

అంతయ్య మీసం కింద ఏదో కదిలింది. దాన్ని చెయ్యి పెట్టి తుడుచుకున్నడు.

ఇగ పైన దేవునికి పరేషాన్ పట్టుకున్నదట. ముడి వేస్తే ఒక బలం తక్కువ, వెయ్యకుంటే ఒక బలం తక్కువ. ఊకుంటే ఇజ్జతు పోతదని, ఆకాశంల పొడిచిన సింగిడిల నుంచి రంగుకు ఒక పోగు గుంజి, లోకంల ఉన్న చిక్కంత అండ్ల కలిపి, గుమ్మడికాయంత ముడి ఒకటి వేసిండు. వేసి, విప్పబోయిండు. రాలే. కుడిచేత్తోని గుంజిండు, ఎడమచేత్తోని గుంజిండు. రాకపోయేసరికి ముడిని సంకల పెట్టుకొని, ఎవలు అడిగిండ్రో వాల్లనే విప్పుమందామని, సీదా ఈ అరుగు మీదికే వచ్చిండు.

శంకరవ్వ ఆయనను అంత తేలికగ విడిచిపెట్టలే. ముందుగాల మగ్గం గుంటల కూచోబెట్టి నేసుడు వస్తదా అన్నది. ఆకాశం నేసింది నేనే అన్నడు. మేము ఏ పడుగునైనా ముందటి పడుగు కొసలకు అతుకుతం, నీ మొదటి పడుగు దేనికి అతికినవు అన్నది. దేవుడు తల గోక్కొని, నాకు ముందటి పడుగు లేదవ్వా, నా అచ్చు ఎన్నడూ ఖాళీ కాలే అన్నడు. ఎంత సర్వశక్తి ఉంటేంది, ఎదురుంగ కూచొని కొస అందించేటోల్లు ఆయనకు ఎన్నడు లేకపాయె.

చెప్పుకుంట శంకరవ్వ పొర కమ్మిన కండ్లను మెట్టు దిక్కు తిప్పింది. అంతయ్య అటు చూడలే గని, గొంతు తగ్గించి అడిగిండు.

"అయితే పుట్టినట్టా, పుట్టనట్టా?"

"నేనూ గదే అడిగిన. గా ముచ్చట తర్వాత, ముందుగాల ముడి విప్పు అన్నడు."

విప్పబట్టింది. వేళ్లతోని కాలే. సూది పెడితే సూది కొండి తిరిగింది. రోకలి పెడితే రోకలి ఇరిగింది. ఆఖరికి ముడిని ఒడిల పెట్టుకొని, ఊపిరి బిగబట్టి, ముందటి పండ్లతోని ఒక్క కొరుకు కొరికింది. ఫట్టుమని విడిపోయింది. ఆ సప్పుడుకు గోదారి కదిలె, పులులకు ఆకలి యాదికొచ్చె, మేకలు ఉరికె, సాధువు గడ్డం సాధువుకు, పాదిరి గడ్డం పాదిరికి వచ్చె. దేవుడు చేతులు దులుపుకొని, నేను వెయ్యంగ నువ్వు విప్పంగ ఇద్దరం కలిస్తే కాని పని లేదవ్వా అనుకుంట పోయిండు.

అంతయ్య ముందటికి ఒంగిండు. మొఖంల ఏదో దొరికిన సంబురం.

"పెద్దవ్వా, నా లగ్గం పోలీసు యాక్షన్ కంటె ముందుగాలనే అయింది. ఆ లగ్గంల నువ్వు సకినాలను నీళ్లల్ల నానేసుకొని తిన్నవు. అప్పటికే నీ నోట్లె ఒక్క పన్ను లేదు. మరి దేవుని ముడి దేనితోని కొరికినవు?"

చంద్రవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. శంకరవ్వ కోత ఇంత సాఫుగ తెగుడు ఆ వాడ ఎన్నడూ చూడలే. శంకరవ్వ బోసినోరు కాసేపు చప్పరించుకున్నది.

"నిజమే బిడ్డా. నాకెక్కడియి పండ్లు," అన్నది. "గందుకే కదా రిబ్కను కేకేసిన."

అరుగంత మెట్టు దిక్కు తిరిగింది. అంతయ్య గూడ తిరుగక తప్పలే. పొద్దటి నుంచి ఆయన రిబ్కమ్మ మొఖం చూసుడు అదే మొదలు. ఆమె కాదంటే శంకరవ్వ ఇజ్జతు పోతది, తన జాగా పోతది. అవునంటే అరవై ఏండ్ల నిజం పోతది.

"నువ్వేనా రిబ్కవ్వా కొరికింది?" అన్నడు అంతయ్య.

రిబ్కమ్మ ఒడిల చేతులు చూసుకున్నది. "గీ అరుగు మీద కొరికి ఇచ్చుడు రోజూ నా పనే కదా అయ్యా," అన్నది నిమ్మళంగ.

"అయితే చెప్పు. ఆ వచ్చినోడు మా దేవుడా, మీ దేవుడా?"

రిబ్కమ్మ జర ఆలోచించింది.

"మొఖం ఎవలు చూసిండ్రయ్యా," అన్నది. "పనిల ఉంటే కండ్లు పోగు మీదనే ఉంటయి."

అంతయ్య మీసం కింద ఆపుకున్నది ఈసారి ఆగలే. నవ్వుకుంటనే ఒంగి, శంకరవ్వ ముందున్న బూడిద చిప్పను ఖాళీగ ఉన్న జాగా దిక్కు, ఇద్దరికీ నడుమకు జరిపిండు.

రిబ్కమ్మ అరుగెక్కి కూచొని, మొదటి పోగు ఏర్పరిచి, కొస కొరికి అందించింది. అంతయ్య ఎప్పుడు లేచిపోయిండో ఇద్దరిల ఎవలూ చూడలే.