అత్తయ్యకు పడని మాట

డ్రైవింగ్ నేర్పడమే అల్లుడి వృత్తి. అయినా ఇవాళ ఖాళీ మైదానంలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకున్నది సాక్షాత్తూ అత్తగారు. లైసెన్సయితే వచ్చింది గానీ ఆవిడ ఒంటరిగా ఇంకా నడపలేదు.

“ఏమైనా అనండి అత్తయ్యా, ‘అయ్యో’ మాత్రం అనకండి. ఆ మాటంటే నాకు హడల్. అది వినబడిన ప్రతిసారీ ఈ కారుకో సొట్ట పడింది.”

“నాకు ‘ఇక’ అంటే ఒళ్లుమంట, అల్లుడుగారూ.”

“అదేం చేసింది పాపం?”

“మోకాలు నొప్పంటే, ‘ఇక మెట్లెక్కకు’ అన్నారు. కళ్లజోడొస్తే, ‘ఇక సూది పట్టకు’ అన్నారు. ఆ మాట వచ్చిందంటే నాకు ఏదో ఒక తలుపు మూసేసినట్టే.”

అంటూనే ఆవిడ బండిని వెనక్కి తీసి, రెండు రాళ్ల మధ్య గీత గీసినట్టు నిలిపింది. అతను తలుపు తీసి దిగిపోయాడు.

“ఎక్కడికి?”

“ఇక నేనెందుకత్తయ్యా? మీరే ఓ రౌండ్ కొట్టి రండి.”

ఆవిడ మొహం చేటంతయింది. కారు మైదానం గేటు దాటి మాయమైంది. ఎంతకీ తిరిగి రాలేదు. చివరికి ఫోను మోగింది.

“అయ్యో, అల్లుడుగారూ!”

అతను గేటు వైపు పరుగు తీశాడు.

“ఏమైంది? ఎక్కడున్నారు?”

“ఇంట్లోనే. కారు చక్కగా పెట్టేశాను. మిమ్మల్నే అక్కడ మర్చిపోయాను!”