బాత్రూంల జారిపడ్డోళ్లు

ఏందిరా పవన్, గట్ల కుంటుకుంట వస్తానవ్? కూసో. ఆ బల్లమీద కాదు, అది ఊగుతాంది, గీ స్టూలు మీద కూసో. లోడు మీదికెళ్లి పడ్డవా? అయ్యో బిడ్డా! మరి దవాఖానకు పోయినవా? ఆఁ... ఏమని చెప్పినవ్? బాత్రూంల జారిన్నని? నవ్వుతానవ్ గని, గీ లారీల అడ్డమీద ఎవల్నన్న అడుగు, అందరు బాత్రూంల జారిపడ్డోళ్లే. చెయ్యి ఇరిగినోడు బాత్రూమే, నడుము పోయినోడు బాత్రూమే. లోడు మీదికెళ్లి పడ్డ అంటె డాక్టర్లు పోలీసోళ్లకు చెప్తరని, వాళ్లొచ్చి బండిని ఠాణల పెట్టుకుంటరని, సీజన్ల బండి ఆగితె ఓనర్ మల్ల స్టీరింగ్ ముట్టనియ్యడని మీ భయం. నిజమో అబద్ధమో నాకు తెల్వది. నేను ఈడ చాయ్ హోటల్ పెట్టిన కాన్నుంచి గిదే మాట నడుస్తాంది. ఎల్లస్వామి గూడ గిట్లనే చెప్పిండు. ఎల్లస్వామి ఎవలంటవా? నీకెట్ల తెలుస్తది, నువ్వప్పటికి పుట్టనే లేదు.

పరకాల దిక్కోడు. మిర్చి యాపారం చేసె సారంగపాణి సేటు లారీ తోలెటోడు. మంచోడు, కని మొండోడు. బస్తాలు ఎక్కిచ్చినంక తాడు గట్టుడు హమాలీల పని గదా, ఎవ్వల్నీ కట్టనియ్యకపోతుండె. 'మీరు గట్టిన తాడు ఘన్‌పూర్ దాటకముందే ఒదులైతది, జరుగుండ్రి' అని తనే పైకెక్కుతుండె. బస్తాలకు కాలు తన్నిపెట్టి, ఒళ్లంత ఎనకకేసి గుంజుతుండె. ఇంకొక అలవాటు, చెప్పులు కిందనే ఇడిసి క్యాబిన్ల ఎక్కుతుండె. దేవుని పటాలున్నయ్, పైంగ ఉత్తకాలుకైతె పెడలు మంచిగ ఎరుకైతది అనెటోడు. ఇప్పుడు మీరు బూట్లేసుకొని తోల్తాండ్రు, ఏసీలంట, పాటలంట... సరే తియ్యి, మీ జమాన మీది. ఇగ ఒక ఏడు మిర్చి సీజన్ల, మార్కెట్లనే, గుంజుతాంటె తాడు పుటుక్కున తెగింది. ఎల్లెల్కల గచ్చుమీద పడ్డడు. 'ఏంగాలే, ఏంగాలే' అంటాండట, లేద్దామంటె నడుము లేస్తలేదు. హమాలీలు ఆటోల ఏసుకొని దవాఖానకు తీస్కపోయిండ్రు. సేటు గూడ ఉరికొచ్చిండు, పాపం రాలేదనొద్దు.

డాక్టరమ్మ అడిగింది, 'ఎట్ల పడ్డవయ్యా?' అని. సేటు పక్కనే నిలబడ్డడు. ఎల్లస్వామి ఒకపారి ఆయన మొఖం దిక్కు సూసి, 'బాత్రూంల జారిన మేడం' అన్నడు. ఎవ్వలు చెప్పుమనలే. సేటు గూడ చెప్పుమనలే, నేనెందుకు అబద్ధమాడాలె. కని ఇన్నడు గదా? ఇని సప్పుడు చెయ్యలే. ఆమె పోయినంక ఎల్లస్వామి భుజం మీద చెయ్యేసి 'నువ్వు మా ఇంటి మనిషివిరా' అన్నడట. ఆ ఒక్క మాటకు మురిసిపోయిండు పిచ్చోడు. నడుముకు బెల్టు గట్టుకొని ఈడికొచ్చి మరీ చెప్పిండు, 'మొగిలక్కా, సేటు నన్ను ఇంటి మనిషన్నడు' అని. నాకు ఒళ్లు మండింది. 'ఇంటి మనిషైతె ఇంట్ల పండవెట్టుకొని సూసుకొమ్మను' అన్న. నవ్విండు. నరం నొక్కుకపోయింది, పట్నం పోయి ఆపరేషన్ చేపిచ్చుకో, అందాక బండెక్కకు అని డాక్టరమ్మ చెప్పిందట. ఎవడింటడు? నొప్పి జర తగ్గంగనే మల్ల ఎక్కిండు.

ఒకనాడు పొద్దుగాల రోడ్డు దాటి చాయ్‌కి వస్తాండు. ఒక కాలుకు చెప్పున్నది, ఒక కాలుకు లేదు. ఆ చెప్పు రోడ్డు నడుమల పడి ఉన్నది, ఆటోలు దానిమీదికెళ్లే పోతానయ్. ఈయనకు ఎరుకనే లేదు. అందరు ఒక్కతీర్గ నవ్వుడు, 'ఏందే ఎల్లన్నా, పొద్దుగాలనే మందు పట్టిచ్చినవా' అని. నేను గూడ నవ్విన. ఆయన కిందికి సూసుకున్నడు బిడ్డా... ఆ మొఖం సూసినంక నాకు నవ్వు రాలే. లోపటికి పిలిచి అడిగిన. 'అక్కా, కుడికాలు మొద్దువారింది. పాదం ఏడున్నదో కండ్లతోని సూస్తెనే తెలుస్తాంది' అన్నడు. 'మరి బ్రేకెట్ల తొక్కుతానవ్‌రా?' అన్న. 'కిందికి సూసి తొక్కుతాన' అన్నడు. కిందికి సూస్తె రోడ్డు ఎవలు సూడాలె? నేను ఊకున్ననా? ఊకోలే. చాయ్ గిన్నె దించి సక్కగ వాళ్లింటికి పోయి పెండ్లాం అనసూయకు చెప్పిన. ఆమె లారీ టైరు ముంగట కూసున్నది, 'నా మీదికెళ్లి పో' అని. ఏం జేసిండో తెలుసా, రెండు చేతులు జోడిచ్చిండు. 'డ్రైవర్‌కు కాలు పోయిందని తెలిస్తె ఇంకెవ్వడు బండియ్యడే. ఈ ఒక్క సీజన్ కానియ్యి' అని. ఆడిది, ఏం జేస్తది? లేసింది.

అదే సీజన్ల మరిపెడ దిక్కు బండేసుకొని పోతాండట. ముంగట ఆటో, నిండ ఆడోళ్లు, మిరపకాయ ఏరబోతాండ్రు. ఆటో టక్కున ఆగింది. ఈయన బ్రేకు తొక్కిండు. బండి ఆగుతలేదు. తొక్కుతనే ఉన్నడట, కిందికి సూస్తె పాదం బ్రేకు మీద లేదు, పక్కకున్నది! ఉత్త రేకును తొక్కుతాండు. తల ఎత్తేసరికి ఆడోళ్ల మొఖాలు గింత దగ్గర. స్టీరింగ్ తిప్పి లారీని పొలంల దింపిండు. దేవుని దయ, ఎవ్వలికి ఏం గాలే. గట్టుమీద కూసోని ఏడుస్తాంటె ఆ ఆడోళ్లే నీళ్లు తాగిచ్చిండ్రట. 'ఏడ్వకు అన్నా, మేం మంచిగనే ఉన్నం' అని. తెల్లారి తాళాలు తీస్కపోయి సేటు చేతుల పెట్టిండు. ఎవ్వలు గుంజుకోలే, తనే ఇచ్చిండు.

అప్పుడు అడిగిండు, జిందగీల ఒక్కపారి. 'సేటూ, నీ లోడు మీదికెళ్లి పడ్డ గదా, ఆపరేషన్ చేపియ్యి, కాలు మంచిగైతె మల్ల నీ బండే తోల్త' అని. సేటు ఏమన్నడంటె, మెత్తగ అన్నడు, కోపం లేదు ఏం లేదు, 'ఎల్లస్వామీ, నీ నోటితోనే గదరా బాత్రూం అన్నవ్, డాక్టర్ ముంగట. ఇప్పుడు నా లోడు అంటె నన్ను లోపటేస్తరు.' గంతే. ఆ పూట తాడు తెగంగ సూసిన హమాలీలను గూడ అడిగిండు. 'మాకెందుకన్నా, రేపు మార్కెట్ల మేం బతకాలె' అన్నరు. వాళ్లను గూడ ఏమంటం. సేటు పండుగకు బియ్యం పంపుతుండె, బట్టలు పెడ్తుండె. కాలు మాత్రం అట్లనే ఉండె. అగో, ఆ మెకానిక్ షెడ్డు ముంగట నులక మంచం ఏసుకొని వచ్చెపోయె బండ్లను సూసుకుంట కూసుంటుండె. 'ఎవడ్రా ఆ తాడు గట్టింది, ఒదులున్నది సూడు' అని ఒర్లుతుండె. మొదాల్ల పోరగాండ్లు ఆగి మల్ల కట్టుకునెటోళ్లు. తర్వాత తర్వాత ఎవడాగుతడు?

ఒక చలికాలం మంటకాడ కూసున్నడు. కాలు నిప్పులకు ఆనింది. కాలుతాంటె గూడ తెల్వలే బిడ్డా, పక్కనున్నోడు వాసనొచ్చి సూసిండు. ఆ పుండు మానలే. మానుతదా? విషమై కాలంత ఎక్కింది. అండ్లనే పోయిండు.

సావుకు సారంగపాణి సేటు కారేసుకొని వచ్చిండు. పెద్ద దండ తెచ్చి మీదేసిండు. కండ్లల్ల నీళ్లు గూడ తీస్కున్నడు, ఉత్త యాక్టింగ్ అన నేను, నిజంగనే ఏడ్చిండు. అందరు ఇనేటట్టు, 'బంగారమసొంటి మనిషి, పాపం ఆ బాత్రూంల జారిపడ్డకాన్నుంచి మల్ల కోలుకోలే' అన్నడు. అనసూయ శవం తలకాడ కూసున్నది. మెల్లగ తల ఎత్తింది. 'మా ఇంట్ల బాత్రూం ఏడున్నది సేటూ?' అన్నది.

అంత మంది ఉన్నం గదా, అందరం ఒక్కపారి ఇంటెనకకు సూసినం. రెండు గుంజలు, నడుమ గోనెపట్టా, లోపట తానానికి ఒక బండ. గదే.

ఇగ సాలు. నాతోని ఇంక మాట్లాడియ్యకు.