రెండు సూర్యుళ్ల కింద బరి

నన్ను అలా చూడకు బామ్మర్దీ. మిగిలిన ఆ ఒక్క కన్నుతో నువ్వు చూస్తుంటే నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. వార్డు బయట బల్ల మీద కూర్చున్న మీ అక్క చూసిన చూపు చాలదూ? మూడు రోజులుగా నా ముందు కంచం పెట్టి వెళ్లిపోతోంది.

అసలు తప్పంతా ఆ సినిమా రచయితది. కాదంటావా?

తల ఊపకు, దవడలో తీగలు కదులుతాయన్నాడు డాక్టరు. పలక నీ చేతి కిందే ఉంది. రాయాలనిపిస్తే రాయి, లేకపోతే విను.

మొదటి రోజు కథ చెప్పినప్పుడు నువ్వూ నా పక్కనే ఉన్నావుగా. వెయ్యేళ్ల తర్వాత జరిగే కథ అన్నాడు. మనుషులు గ్రహాల మీద కాపురాలు పెట్టేశారు, ఈ చుక్క నుంచి ఆ చుక్కకి ఒక్క పూట ప్రయాణం అన్నాడు. సరే అనుకున్నాను. తర్వాత చక్రవర్తి అన్నాడు. సెనేటు అన్నాడు, దండులన్నాడు, బానిసలన్నాడు. చివరికి ఇద్దరు బరిలో దిగి కత్తులతో పొడుచుకుంటారన్నాడు. నేనింక ఆగలేక అడిగేశాను: "అన్ని రాకెట్లు పెట్టుకుని కత్తులెందుకండీ, ఓ మీట నొక్కితే చస్తాడు కదా?" నువ్వేమో బల్ల కింద నా కాలు తొక్కావు.

ఆయన కోప్పడలేదు. "ఫైట్ మాస్టారూ, ఆకాశంలో సామ్రాజ్యం కట్టాలంటే మాకు వేరే నమూనా తోచదు, ఎటు తిరిగినా రోముకే చేరతాం" అన్నాడు. "సముద్రం తీసేసి శూన్యం పెడతాం, ఓడ తీసేసి రాకెట్టు పెడతాం. సింహాసనమూ, బరీ, మెట్ల మీద అరిచే జనమూ మాత్రం అలాగే ఉంటాయి."

రెండు వేల ఏళ్ల కిందట ఆ రోములో బరి నిండా ఇసుక పోసేవాళ్లట, నెత్తురు పీల్చుకోవడానికి. ఒకడికి వల, మూడు మొనల బల్లెం. ఇంకొకడికి పొట్టి కత్తి, డాలు. కింద పడ్డవాణ్ణి ఉంచాలా, చంపాలా అన్నది జనం అరుపుని బట్టి తేలేదట.

నాకు నచ్చింది. అబద్ధమెందుకు, ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

మొదటి వారంలోనే మనం బుద్ధి తెచ్చుకోవాల్సింది. రబ్బరు కత్తులు వంగుతున్నాయి, బరువు తెలియడం లేదు, ఇనుపవి చేయించండి అన్నాడు డైరెక్టరు. అంచులు మొద్దుగా ఉంటే చాలన్నాడు. నేను తలూపాను. ఆ సాయంత్రమే మన ఫైటర్లలో ఆ లావుపాటాయనకి డాలు కింద పడి రెండు వేళ్లు నలిగాయి. మర్నాడు గెడ్డపాయనకి ముందు పళ్లు మూడు ఊడి ఇసుకలో పడ్డాయి. అందరం కూర్చుని వెతికితే రెండే దొరికాయి. డైరెక్టరు ఆ షాటు నాలుగుసార్లు వేయించుకుని చూశాడు. బాగుంది, ఇదే కావాలన్నాడు.

ఇంక మొన్నటి సంగతి.

చుట్టూ పచ్చగుడ్డలు. గ్రహాలూ, రెండు సూర్యుళ్లూ తర్వాత కంప్యూటర్లో వేస్తారు. మనకి మాత్రం పైన ఒక్కడే, అదీ నడినెత్తిన. మెట్ల మీద నాలుగొందలమంది జూనియర్ ఆర్టిస్టులు. "చంపు, చంపు" అని అరవమని మైకులో నేర్పారు. మొదటి టేకులో నీరసంగా అరిచారు. మూడో టేకుకి వాళ్లకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

నేను హీరోకి డూపుని, మొహం నిండా ఇనుప టోపీ. నువ్వు వల విసరాలి, నేను తప్పుకోవాలి, నువ్వు బల్లెంతో పొడవాలి, నేను డాలుతో నీ భుజం మీద ఒక్కటివ్వాలి, నువ్వు పడాలి. ఇంతే. నిద్రలో లేపి అడిగినా చేసేస్తాం.

నీ కాలు జారింది. నీ తప్పు అనడం లేదు, ఆ ఇసుక అలాంటిది. బల్లెం మొన వచ్చి నా తొడ చీరింది. నెత్తురు మోకాలి దాకా కారింది, రంగు కాదది, నెత్తురే. మెట్ల మీదివాళ్లకి అది కనిపించింది. అరుపు మారిపోయిందిరా. అంతవరకూ నోళ్లతో అరిచారు, అక్కణ్ణుంచి కడుపులోంచి అరిచారు.

మొదటి దెబ్బ భుజానికే వేశాను. రెండోదానికి నువ్వు తల తిప్పావు, డాలు అంచు దవడకి తగిలింది. ఎండు కొమ్మ విరిగినట్టు వినిపించింది నాకు. నువ్వు వెల్లకిలా పడ్డావు, నీ టోపీ దొర్లిపోయింది. నేను నీ రొమ్ము మీద మోకాలు వేసి, కత్తి తిప్పి పట్టుకుని పిడితో కంటి మీద కొట్టాను.

పోలీసులకి ఏం చెప్పానంటే, టోపీలో ఏమీ వినబడలేదు, షాటు ఇంకా నడుస్తోందనుకున్నాను అని. డైరెక్టరూ అదే చెప్పాడు, కెమెరా ఆపనివాడు ఇంకేం చెబుతాడు? ఇంకాసేపట్లో ఇన్‌స్పెక్టరు వస్తాడు, నీ చేత రాయించుకోవడానికి. ఏం రాయాలో చెప్పిరమ్మని సినిమావాళ్లు నన్ను పంపించారు. మాస్టారికి వినబడలేదు అని ఒక్క ముక్క చాలట.

అది చెప్పడానికే వచ్చాను. కానీ చెప్పను.

వినబడిందిరా.

నీ కంటి మీద కొట్టకముందే కట్ అన్నాడు డైరెక్టరు. మైకులో రెండుసార్లు అన్నాడు, కెమెరా మాత్రం ఆపించలేదు. అదొక్కటే అయితే ఏదో అనుకోవచ్చు. నువ్వు చెయ్యెత్తావు. కథలో పడ్డవాడు ప్రాణభిక్షకి ఒక్క వేలు ఎత్తాలి. నువ్వు అరచెయ్యి మొత్తం తెరిచి ఎత్తావు. నిజంగా దెబ్బ తగిలితే అలా ఎత్తరా, ఎవరైనా ఆగిపోతారు అని ఈ పనిలోకి తెచ్చిన రోజునే నీకు నేను నేర్పాను కదా. అది చూశాను. నీ అయిదు వేళ్లూ చూశాను, వాటి వెనక నీ మొహమూ చూశాను. ఎవరో అనుకోలేదు. నువ్వేనని తెలుసు.

ముప్ఫై ఏళ్లు మేడల మీంచి దూకాను, అద్దాల్లోంచి పడ్డాను, ఒళ్లు కాల్చుకున్నాను. చప్పట్లన్నీ ఇంకొకడి మొహానికి. మొన్న ఆ నాలుగొందలమందీ నా చెయ్యి వైపే చూశారు. అది ఎప్పుడు పడుతుందా అని ఊపిరి బిగబట్టారు. బాగుందిరా నాకు. నీ కన్ను పోయిన ఆ క్షణం, నాకు చాలా బాగుంది.

పలక తీసుకో. ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు రాసివ్వు, నేను అడ్డం చెప్పను.

మీ ఇద్దరి మధ్య పాత పగలేమైనా ఉన్నాయా అని అడిగాడు ఇన్‌స్పెక్టరు. లేవన్నాను. నేనిచ్చిన వాఙ్మూలంలో నిజం అదొక్కటే. ఉన్నా బాగుండేది బామ్మర్దీ, మీ అక్కకి చెప్పుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది.