కమలాక్షి మేడమూ, మా చేన్లో రాళ్లూ

ఈ రాళ్ల గురించేనా నువ్వు అడుగుతాండేది? ఇట్ల నీడకు రాప్పా ఉదయ్, ఎండ చురుక్కుమంటాండాది. నాకు తెలిసిందంతా కమలాక్షి మేడమ్ చెప్పిందే. ఆయమ్మ ధర్మవరం మనిషి, పట్టుచీరలు నేసే ఇంటి బిడ్డ. తొంభైల్లో చెన్నేకొత్తపల్లి హైస్కూల్లో సోషలు చెప్తాండె. కట్టేది మాత్రం ఎప్పుడూ నూలు చీరే. అదేంది మేడమ్ అంటే, నేసేవాళ్లకు కట్టేకి యాడ మిగుల్తాది ఉలిగప్పా అని నవ్వుతాండె. సరే, నేను యాడికో పోతాండా. గుండ్రంగా నిలబెట్టిన ఈ రాళ్లను మా నాయన కాలం నుంచి రాకాసి గుళ్లంటారు, రాకాసులుండే ఇండ్లని. ఒగ ఏడు నేను ఈ రాళ్ల పక్క దాకా నాగలి తోలినా. ఆ ఏడే మా కొడుకు మధుగానికి జ్వరమొచ్చె. హిందూపురం ఆస్పత్రికి ఎత్తుకోని పోతిమి, దక్కలేదు. అయిదేండ్లోడు. మా పెద్దమ్మ కుళ్ళాయమ్మ నట్టింట్లో నిలబడి, రాకాసోళ్ల వాకిట్లో దున్నితే ఊరికే పోతాదేమిరా అనింది. మా ఇంటామె మారక్క ఆ మాటే పట్టుకునె. ఏడ్చనైనా ఏడ్చలేదప్పా, ఒగ బొట్టు రాల్లేదు. చేను దిక్కు చూడనన్నాది. చేను బీడు పడె, మేం కూలికి పోతాంటిమి.

అట్లుంటే మేడమ్ బడిపిల్లోళ్లను తోలుకోని ఈ రాళ్లు చూసేకి వచ్చె. చేను మీదంట కదా, మీరూ రాండి అనె. మారక్క రానంటే రానన్నాది. మేడమ్ బలవంతం చేయలేదు, పిల్లోళ్లకు తాగేకి ఒగ బిందె నీళ్లు మోసుకోని రాగలవా అని అడిగె, అంతే. దప్పికైన పిల్లోళ్లను చూసి కాదనలేకపోయె పాపం. ఈడికొచ్చినాక మేడమ్ సక్కగా రాళ్ల నడుమ కూర్చోని సద్ది విప్పె. మేం గట్టు కాడే ఆగిపోతిమి. ఆయమ్మ తింటానే చెప్తాండాది, ఇవి రాకాసుల ఇండ్లు కాదు, వేల ఏండ్ల కిందటి మనుషుల సమాధులు, పోయినోళ్లను పూడ్చి సుట్టూ రాళ్లు నిలబెట్టినారు, పక్కన కుండలు కూడా పెడతాండ్రంట అని. మారక్క దూరంగా నిలబడి వింటానే ఉండె. అదో, ఆ చిన్న గుండ్రం ఉండాదే, దాన్ని చూపించి మెల్లగా అడిగె.

"మేడమ్, అది పిల్లోళ్లదా?"

"అయ్యుండొచ్చు మారక్కా, ఖాయంగా చెప్పలేను. ఎవరో వాళ్ల మనిషి కోసరం ఇంత దూరం రాళ్లు ఈడ్చుకొచ్చినారు. మనల్ని చంపేకి కాదు. మర్చిపోకుండా ఉండేకి."

మారక్క పోయి ఆ రాయి మీద చెయ్యి పెట్టి కూలబడె. అప్పుడు ఏడ్చెనప్పా, అన్ని నెలల ఏడుపూ ఒగేసారి. మేడమ్ పిల్లోళ్లను అవతలికి పంపి, పక్కన కూర్చునె, పొద్దు వాలేదాకా. మళ్లా వానలకు చేన్లోకి ముందు దిగింది మారక్కే. శెనక్కాయ పండె. ఆ తర్వాత మా ఈశ్వరి పుట్టె. చెప్పకుండా ఎట్లుంటా, మేం తినే బువ్వలో ఆయమ్మ పేరుండాది.

రెండువేల నాలుగులో మేడమ్ పోయిందని తెలిసి ధర్మవరం పోతిమి. వాళ్లల్లో పోయినోళ్లను పూడుస్తారు. అందరూ మట్టేసి పోతాంటే, మారక్క కొంగు ముడి విప్పి మా చేన్లో రాయి తీసె, పిడికెడంత. తలకాడ పెట్టె. మేడమ్ వాళ్లన్న గోవిందరాజులు, ఇదేందమ్మా అని అడిగినాడు. ఈమె తలెత్తకుండా, మా ఊర్లో ఇట్లనే పెడతారన్నా అనింది. మా ఊర్లో యాడ పెడతారప్పా...

ఊ. ఫోటో తీసుకుంటే తీసుకోపో. గట్టు దాటేటప్పుడు చూసి దాటు, పల్లేర్లుంటాయి.