ఎనాన్ అంటే ఎప్పుడు?

కోర్టు ఎదుటి టీ కొట్టులో దర్జీ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా తెల్లబట్టల్లో కొత్త లాయరమ్మాయి. పదకొండింటికి ఆమె మొదటి కేసు. నల్లకోటు లేనిదే వాదించనివ్వరు. కోటు దర్జీ దగ్గరుంది.

"కంగారెందుకమ్మా, కోర్టులు నాకు కొత్తా? ఓసారి పెద్ద జడ్జిగారికి కొలతలు తీస్తున్నా. ముఖం మాడ్చుకుని ఉన్నాడు. ఏంటి సార్ అంటే, పాతకాలపు ఇంగ్లీషు దస్తావేజు చూపించాడు. అద్దెకున్నవాడు ఇల్లు 'ఎనాన్' ఖాళీ చెయ్యాలట. ఇప్పుడెవరూ వాడని మాట. వెంటనే అని ఒక లాయరు, నిదానంగా అని ఇంకో లాయరు. వాదించి వాదించి ఇద్దరికీ జుట్టు నెరిసింది, అద్దెకున్నవాడు ఆ ఇంట్లోనే మనవల్ని ఎత్తుకున్నాడు. నేను టేపు మెడలో వేసుకుని, 'సార్, మీ కోటు ఇదిగో వచ్చేస్తోందని నేనంటానే, అదే దీనర్థం. తక్షణమే!' అన్నా."

"జడ్జిగారు నవ్వలేదూ?" అన్నాడు టీ కొట్టాయన.

"నవ్వడమా! చాపిన చేతులు చాపినట్టే తీర్పు చెప్పేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంగతి నిఘంటువు వేసే దొరలకు తెలిసింది. అప్పటికే తప్పు అర్థంతో అచ్చేసిన పుస్తకాల ఓడ నడిసముద్రంలో ఉంది. వెనక్కి తిప్పుదామంటే బరువుకి తిరగదే! సగం మాటలు నీళ్ళలో పారేశారు."

"అందుకేనా అన్నా, వాళ్ళకి అత్తకీ పిన్నికీ ఒకటే మాట?" అన్నాడు పక్కనున్న కంపౌండరు.

"మరి! రెండోది చేపలు తినేశాయి. ఆ దొరలే విమానంలో మా షాపుకొచ్చారు. సందులో రెక్కలు పట్టలేదు. నేనే చెరోపక్కా మడిచి టాకాలేశా. 'అర్థం పక్కన మీ పేరు వేస్తాం' అని కాళ్ళావేళ్ళా పడ్డారు. నాకెందుకయ్యా అన్నా."

లాయరమ్మాయి గోడ గడియారం చూసింది.

"వేయించుకోవాల్సింది బాబాయ్. మీరు చెప్పింది నిజమే, ఆ మాటకు మొదట్లో తక్షణమే అనే అర్థం. జనం ఆ మాట అనేసి కదలకుండా కూర్చోబట్టి, పోనుపోను 'కాసేపాగి' అని అర్థం మారిపోయింది. నా కోటేదీ?"

"ఇదిగో, వచ్చేస్తోంది తల్లీ!"

"పాత అర్థంలోనా, కొత్త అర్థంలోనా?"

దర్జీ టీ వైపు చూశాడు. టీ కొట్టాయన చెయ్యి చాపి గ్లాసు తీసేసుకున్నాడు.

"ఎడమ చెయ్యి ఒక్కటీ కుట్టాలమ్మా," అన్నాడు దర్జీ, లేస్తూ.