అటు తిరిగిన బొమ్మ

(1961. గూడూరు రైలుస్టేషను ఎదుట బొమ్మల ప్రదర్శన పందిరి. ఆఖరి రోజు, పొద్దు వాలుతున్న వేళ. టిక్కెట్ల కిటికీ ముందు, పులికాటు సరస్సు పక్క పల్లె నుంచి వచ్చిన ముసలాయన, ఆయన భార్య.)

“అయిపోయినాయంటే అయిపోయినాయి పెద్దాయనా! టిక్కెట్లు లేవు.”

“లేకపోతే లేకపోయినాయి. నీ పేరేంది అబ్బయ్యా?”

“దావీదు. పేరు చెప్తే టిక్కెట్టు పుడతాదా?”

“పుట్టించాల దావీదూ. నేను ముత్యాలయ్యని. ఇది నా పెళ్లాం పేరమ్మ. పడవెక్కి, నడిచి, రైలెక్కి వచ్చినాం. దోవలో ఒక చేప మా పడవకి అడ్డం నిలబడింది. ఎంత చేపనుకున్నావు? దాని మూపు మీద కొంగలు గూడు కట్టుకోనుండాయి. ‘గూడూరులో బొమ్మలు చూసొస్తాం, దోవియ్యమ్మా’ అంటే...”

“టిక్కెట్టు తీసుకున్నారా అని అడిగిందా?”

“అడిగింది! నీకెట్టా తెలుసు?”

“మామా, ఆ చేపని నీళ్లలో వదిలెయ్. మన రైలు టైమవతాది.”

“ఉండవే పేరమ్మా, మాట్లాడతన్నా గదా.”

“నువ్వు మాట్లాడతానే ఉండు. ఆయప్ప కిటికీ మూసేస్తాడు.”

“చూడమ్మా, రేపు రమ్మందామంటే రేపు లేదు. రాత్రికే అన్నీ పెట్టెల్లో పెట్టి మద్రాసు బండెక్కిస్తారు. అయినా ఇవి ఆడే బొమ్మలూ పాడే బొమ్మలూ కాదు. గోడకి తగిలించినవి. సినిమా అనుకున్నారేమో, టూరింగ్ టాకీసు అటు పక్కనుండాది.”

“సినిమా ఎవురికి కావాల? లోపల మావోడి బొమ్మ ఉండాది.”

“మీవోడు గీసినాడా?”

“మావోణ్ణి గీసినారు. మద్రాసు రంగులాయన మా పల్లెకొచ్చి, మా మాలకొండణ్ణి పడవ మొన మీద నిలబెట్టి గీసుకోని పోయినాడు. ఆ బొమ్మ ఈడికొచ్చిందని మా ఊరి బడి అయివారు చెప్పినాడు.”

“అయితే ఆ మాలకొండయ్యనే తోడుకోని రావాల్సింది. మొహం చూసి నేనే లోపలికి పంపించుందును.”

“వాడా... వాడిప్పుడు సింగపూర్లో గదా ఉండాడు. వాడి ఈత చూసి ఆడుండే దొర...”

“మామా.”

“...ఓడలన్నిటికీ వాణ్ణే సరంగుని చేసినాడు. కోటూ బూటూ...”

“చాలు మామా! చచ్చిపోయినాడు నాయనా. ఆ బొమ్మ గీసిన పొద్దే. గాలివానకి పడవ తిరగబడింది. వాడిది ఫోటో లేదు, ఏం లేదు. ఉండేది ఆ బొమ్మొకటే.”

“అయ్యో. అట్టనా తల్లీ...”

“దీని మాటలకేం గానీ దావీదూ, బంగారం మాదిరి సింగపూర్లో ఉండేవోణ్ణి...”

“ఒక్కటుండాది పెద్దాయనా. మా ఇంటామె కరుణాకుమారికని దాచిపెట్టినా. ఇంతసేపూ రాలేదు, ఇంకేం వస్తాది. ఇద్దరికీ కుదరదు మరి. లోపల ఇంకోడుండాడు, టిక్కెట్టు చించి గానీ పోనీడు.”

“పేరమ్మా, నువ్వు పో. తల్లివి.”

“నువ్వే పో.”

“నాకెందుకే? నేను...”

“పొమ్మంటన్నా గదా. పో.”

(ముత్యాలయ్య లోపలికి వెళ్లాక.)

“ఈ గోనెపట్టా మీద కూర్చోమ్మా. నువ్వు పోయుంటే బాగుండేది.”

“నేను చూసినాలే నాయనా. గీసేటప్పుడు ఒడ్డునే ఉండా.”

“మళ్లీ చూడాలని లేదా?”

“ఎందుకుండదు?”

“మరి?”

“అదో, వస్తండాడు.”

“అప్పుడే వచ్చేసినావేం పెద్దాయనా?”

“చూసినా! చూసినా పేరమ్మా! ఏం గీసినాడే! ‘నాయనా’ అని పిలవడమొకటే తక్కువ. ఆ నవ్వు! విరిగిన ముందరి పన్ను గూడా గీసినాడు. ఇంక కళ్లా... నేను ఎటు నడిస్తే అటే తిరగతండాయి.”

“నవ్వతండాడా?”

“నన్ను చూసి నవ్వతానే ఉండాడు.”

“కళ్లు తుడుచుకో మామా.”

“చెమటలే. లోపల గాలాడదు.”

“ఆ పొద్దు గాలి మళ్లింది, పడవెయ్యనని వాడంటే చెంప పగలగొట్టినావు గదా. ఆ వాత నలుగురికీ అగపడగూడదని, రంగులాయన ఎంత బతిమాలినా వాడు ఇటు తిరగలా. ఆయప్ప గీసింది వాడి వీపు మామా. అది నువ్వు చూడాలనే నిన్ను పంపినా.”