ఒక్క రింగంటే మంచిగున్నట్టు

2004లో ఆ ఊరికి ఉన్నది ఒకే సెల్‌ఫోన్. అది శ్రీశైలం పటేలుది. ఊళ్లో సిగ్నల్ లేదు. ఖిల్లా ఘణపూర్ కోట గుట్ట ఎక్కితే వనపర్తి టవర్ అందుతుంది. ఆ ఏడు పుణె, షోలాపూర్ వైపు మట్టిపనికి పోయినవాళ్లు పదకొండు మంది. ప్రతి ఆదివారం పొద్దున వాళ్లు తమ మేస్త్రీ ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఒక్కొక్క ఇంటికి ఒక్కో వేళ. ఒక్క రింగంటే మంచిగున్నట్టు. రెండు రింగులంటే ఆపద, ఇంటివాళ్లు వెంటనే బయల్దేరాలి. శ్రీశైలం గుట్ట దిగి సాయన్న చాయ్ హోటల్ దగ్గర ఎవరి రింగు వచ్చిందో చెబుతాడు.

ఆ ఆదివారం ఐదుగురు ఆడవాళ్లకు ఒక్కొక్క రింగే అని చెప్పాడు. వాళ్లలో బాలమ్మకు ఏడో నెల. మొగుడు వెంకటన్న షోలాపూర్‌లో ఉన్నాడు. బల్ల చివర అబ్రహాం కూర్చున్నాడు. పుణెలో ఉన్న కొడుకు సాంసన్ సంగతి అతను అడగలేదు. శ్రీశైలం చాయ్ అందుకుని మొదలుపెట్టాడు.

"అబద్ధమెందుకు, మొదటిసారి నేను గుట్టంత ఎక్కలే. కింది దర్వాజ కాడికే పోయిన. ఆడ ఒక్క గీత సిగ్నలొచ్చింది, గంతే. ఎడమ చెయ్యి లేపితే రెండు గీతలైనయి, చెప్పులిడిసి ఒంటికాలి మీద నిలబడితే మూడు. అటెంకల ఏమైందో తెలుసా? పెబ్బేరు అంగట్లకెల్లి ఒకాయన ఫోన్ చేసిండు. ఎద్దును కొనాల్నా వద్దా తెల్వక పరేషాన్ల ఉన్నడు. ఫోను దాని మూతి కాడ పెట్టుమన్న. ఊపిరి ఇన్న. ఆరు పండ్లు, ఎడమ దాపటికి పనికొస్తది, తీస్కో అన్న. నోరు తెరిచి చూస్తే సరిగ్గ ఆరే."

పోయినసారి నాలుగు పండ్లన్నావని సాయన్న గుర్తుచేశాడు.

"ఏడాదాయె గదనే సాయన్నా, ఎద్దు పెరగదా? ఇగ నడుమ దర్వాజ కాడికి పోయిన. ఆడ సిగ్నలు ఎంత చిక్కగున్నదంటే తువ్వాలతోని పక్కకు కొట్టుకుంట పోవాలె. పైన బురుజెక్కినంక ఫోను ఎత్తుడే లేదు, రింగు ఇంటె మనిషి సంగతంత తెలుస్తది. వెంకటన్న రింగు బీడీ వాసనొస్తది. జొన్నరొట్టె తిన్న దినం రింగు గట్టిగుంటది, ఉప్మా తిన్న దినం జారుతది. నవ్వకు బాలమ్మా. ఓ దినం పుణె లైను తగిలింది. మన పోరలు రెండు నిలువుల గుంతల ఉన్నరు. పైన గడ్డ పగులుతుంటె ఆ సప్పుడు వాళ్ల కన్న ముందు నాకినబడ్డది. 'ఎక్కుండ్రిరా పైకి' అని బురుజు మీదికెల్లి ఒర్లిన. అందరు బయటికి దుంకిండ్రు, ఆ ఎన్కనే మట్టి కూలింది. ఒక్కని గోరు గూడ ఊడలే. నా ఒర్లుడుకు వనపర్తి టవరు పడమటికి వంగింది, పోయి చూస్కోండ్రి. గంతటితోని అయిపోయిందా? ఇంత పనిచేసే ఫోను పైన వాన మొగులుకు కలువదా అని మొగులుకే కొట్టిన. ఎత్తింది. యాడికెల్లి అన్నది. పాలమూరు అన్న. పెట్టేసింది."

అందరూ నవ్వారు. కలుపుకు పొద్దెక్కుతోందని నలుగురు ఆడవాళ్లు ఆ నవ్వుతోనే లేచి దారి పట్టారు. బాలమ్మ నడుం పట్టేసి అక్కడే కూర్చుంది.

అప్పుడు అబ్రహాం నోరు విప్పాడు. "గా గుంతల మా సాంసన్ ఉండెనా పటేలా?"

"ఉండకేం, అందరికన్న ముందు దుంకింది వాడే. ఇయ్యాల పొద్దుగాల గూడ రింగిచ్చిండు. ఒక్కటే."

"సాంసన్ నిన్న ఇంటికొచ్చిండు."

శ్రీశైలం గ్లాసు కింద పెట్టాడు.

గొంతు పెంచకుండా అబ్రహాం మిగతాది చెప్పాడు. మట్టి కూలింది నెల కింద. సాంసన్ నడుం దాకా కూరుకుపోయాడు. దవాఖానలో పడుకుని రెండు రింగులు ఇమ్మని మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ ఫోన్ చేసి అతని చెవి దగ్గర పెట్టాడు. ఎవరో ఆడమనిషి మరాఠీలో ఏదో చెప్పింది. ఊళ్లో ఎవరో ఎత్తారని, కబురు చేరిందని సాంసన్ అనుకున్నాడు. నాయన వస్తాడని తొమ్మిది రోజులు చూశాడు. ఇంటి మనిషి వచ్చి సంతకం పెడితే పెద్ద దవాఖానకు పంపుతామని డాక్టర్లు అన్నారు. పదో రోజు అక్కడే కుడికాలు తీసేశారు. నిన్న వనపర్తి బస్టాండులో కొడుకును దించుకున్నాక అబ్రహాం ఒక ఫోన్ల దుకాణంలో శ్రీశైలం నంబరు కలిపించాడు. మళ్లీ ఆడమనిషే, ఈసారి తెలుగులో. అది కంపెనీ రికార్డు మాటని, రీచార్జి కార్డు వేయక నంబరు కట్టయి నలభై రోజులైందని దుకాణంవాడు చెప్పాడు.

"గుట్ట ఎక్కుతున్నవా పటేలా, బండ చాటుకు కూసోని వస్తున్నవా?"

శ్రీశైలం ఫోను తీసి అబ్రహాం ముందుకు జరిపాడు. "ఆదివారం వస్తే అందరు నా నోరు దిక్కు చూస్తుంటిరి. ఏం రాలేదని ఎట్ల చెప్పాలె?"

బాలమ్మ బల్ల పట్టుకుని లేచి నిలబడింది. "అన్నా, గట్లయితే మా ఆయన మంచిగున్నడా, లేడా?"

తనకు తెల్వదన్నాడు శ్రీశైలం.

ముందు పోయిన నలుగురు ఇంకా కనబడుతూనే ఉన్నారు, ఒకామె మొగులు దిక్కు చెయ్యి చూపిస్తూ ఏదో అంటే మిగతావాళ్లు నవ్వుతున్నారు. వాళ్లను పిలుద్దామని సాయన్న రోడ్డు మీదికి వచ్చాడు. పిలిచి ఏం చెప్పాలో తోచక, వాళ్లు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.